‘ఆడంబరంగా చేశారు’ అంటే పొగిడినట్లా, తిట్టినట్లా?

కాకినాడ_కోడలు
ఒక్క మాట నా కొంప ముంచింది. మా పెద్ద ఆడపడుచు కూతురి పెళ్ళి పోయిన నెలలో జరిగింది. ఇంటికి వచ్చాక బంధువుల వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టి, కింద “పెళ్ళి ఎంతో ఆడంబరంగా చేశారు వదినా, చూడడానికి రెండు కళ్ళూ చాలలేదు” అని రాశాను. నిజంగా మెచ్చుకుంటూనే రాశాను. ఆవిడ చూసింది, బదులు లేదు. మర్నాడు ఫోను చేస్తే ఎత్తలేదు. మూడో రోజు మా మరిది చేత కబురు వచ్చింది, “పదిమందిలో నన్ను అంత మాట అంటుందా” అని. మా ఆయనేమో “వైభవంగా అని రాయాల్సింది” అని ఇప్పుడు తీరిగ్గా చెబుతున్నారు. ఆడంబరంగా అంటే గొప్పగా, ఘనంగా అనే కదా? అది తిట్టు ఎప్పుడయింది?

వేపచెట్టు_నీడ
“రెండు కళ్ళూ చాలలేదు” అన్నారు చూడండి, కోపం దానికి వచ్చి ఉంటుంది. దిష్టి పెట్టారనుకున్నారు.

నిజామాబాద్_పసుపు
తిట్టే. అనుమానమే అక్కర్లేదు. నిరాడంబరుడు అంటే మంచివాడు కదా. ఆ ‘నిర్’ తీసేస్తే మిగిలేది ఏమిటో మీరే చెప్పండి.

మామిడితాండ్ర
అంత సులువు కాదు పసుపు గారూ. నిర్భయుడు గొప్పవాడే, అలాగని భయం ఉన్నవాళ్ళందరూ చెడ్డవాళ్ళా? మా అమ్మమ్మ ఎవరింటి గృహప్రవేశానికి వెళ్ళి వచ్చినా “ఎంత ఆడంబరంగా చేశారో” అని మురిసిపోతూ చెప్పేది. ఆవిడ నోట ఆ మాట ఎన్నడూ ఎత్తిపొడుపుగా రాలేదు.

నిజామాబాద్_పసుపు
మీ అమ్మమ్మ ఆ మాట అన్నది ఇంటికి వచ్చాక. వాళ్ళ ముందు అన్నారా?

మామిడితాండ్ర
...లేదు. ఇప్పుడు ఆలోచిస్తుంటే ఒక్కసారి కూడా వాళ్ళ ముందు అనలేదు.

పాత_డెస్కు
ఇరవై రెండేళ్ళు పత్రికలో ఉపసంపాదకుడిగా పనిచేశాను కాబట్టి ఈ సరుకు నా చేతుల మీదుగా టన్నుల లెక్కన పోయింది. రాసిపెట్టుకున్న నియమం ఏదీ లేదు గానీ, డెస్కులో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. పుట్టినరోజులూ జయంతులూ ‘ఘనంగా’. దేవుడి కల్యాణం ‘అంగరంగ వైభవంగా’. ప్రారంభోత్సవం ‘అట్టహాసంగా’. ఎప్పుడో మొదలుపెట్టి ఇప్పుడు మూలపడేసిన పథకం ‘ఆర్భాటంగా’. “ఆర్భాటంగా ప్రారంభించారు” అన్న వాక్యం కనబడిందంటే తర్వాతి వాక్యం ‘కానీ’తో మొదలవుతుందని పాఠకుడికి ముందే తెలుసు.

‘ఆడంబరంగా’ అన్నది మాత్రం మేము దాదాపు వాడేవాళ్ళమే కాదు. ‘నిర్’ తగిలిస్తేనే దానికి మా పేజీల్లో చోటు. అది కూడా ఎక్కువగా సంతాప వార్తల్లో. పుచ్చలపల్లి సుందరయ్య గారు సైకిలు మీద పార్లమెంటుకు వెళ్ళారంటే నిరాడంబరం అన్న మాటకు బరువుంది. ఆ తర్వాత పోయిన ప్రతి పెద్దమనిషికీ అదే తగిలించాం, షెడ్డులో నాలుగు కార్లున్నా సరే. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

ఇంకో తమాషా. “హంగూ ఆర్భాటమూ లేకుండా పెళ్ళి చేశారు” అంటే మెచ్చుకోలు. “సకల హంగులతో ఆసుపత్రి” అంటే అదీ మెచ్చుకోలే. పెళ్ళిలో హంగు తప్పు, ఆసుపత్రిలో ఒప్పు.

వేపచెట్టు_నీడ
అయితే కాకినాడ గారు ‘అట్టహాసంగా చేశారు’ అని రాసి ఉంటే వదినగారు నవ్వి ఊరుకునేవారు.

అమరకోశి
నీడ గారు హాస్యానికి అన్నా అసలు అర్థం పట్టేశారు. అట్టహాసం అంటే పెద్దగా నవ్వడమే. పురాణాల్లో శివుడి నవ్వు. ఆ నవ్వు మన పత్రికల్లో రిబ్బను కత్తిరింపుగా మారింది.

ఆడంబరం కథ కూడా అదే. మొదట అది కంటికి కనబడేది కాదు, చెవికి వినబడేది. ఆడంబరం ఒక రకం డోలు పేరు. శుక్ల యజుర్వేదం 30వ అధ్యాయంలో ఎవరెవరిని దేనికి అర్పించాలో ఒక పెద్ద పట్టిక ఉంది. అందులో “శబ్దాయాడంబరాఘాతం” అని వస్తుంది: శబ్దానికి ఆడంబరం వాయించేవాణ్ణి. ఆ వెంటనే మహస్సుకు వీణ వాయించేవాణ్ణి. చప్పుడు డోలుకు, గొప్పతనం వీణకు అని అప్పుడే పంపకాలు అయిపోయాయి. సంస్కృత నిఘంటువు అమరకోశంలో, ఒకే మాటకు పలు అర్థాలు చెప్పే నానార్థవర్గంలోనూ వాద్యాల ధ్వని, ఏనుగుల గర్జన అన్న అర్థాలే ఇచ్చారు. డాబు, దర్పం అన్నవి తర్వాత వచ్చి చేరినవి.

ఆర్భాటం చూడండి. నాట్యశాస్త్రంలో నాటకం నడిపే తీరులు నాలుగు, వాటిని వృత్తులు అంటారు: భారతి, సాత్త్వతి, కైశికి, ఆరభటి. ఈ ఆరభటి యుద్ధాలకూ మాయలకూ రౌద్రానికీ వాడే ఉద్ధతమైన తీరు. ఆర్భాటం దాని చుట్టమే. పాత తెలుగులో ఆర్భాటం అంటే కేక, బొబ్బ. హంగామా పారసీ మాట, గుంపూ గోలా. మొత్తం మీద మనవాళ్ళు గొప్పల ప్రదర్శనకు వాడే మాటల్లో సగం మొదట మోత మోగినవే.

మామిడితాండ్ర
ఆగండి ఆగండి. వేమన!
“అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను
సజ్జనుండు పల్కు చల్లగాను
కంచు మోగునట్లు కనకంబు మోగునా”
రెండో తరగతి నుంచి అప్పజెబుతున్నాను, ఇన్నాళ్ళూ కంచు ఎందుకు వచ్చిందో పట్టించుకోలేదు. ఆడంబరం అంటే చప్పుడు అనుకుంటే పద్యం మొత్తం ఒక్క తీగ మీద నిలబడుతోంది.

బలపం_మాస్టారు
ముప్పై ఒక్క సంవత్సరాలు ఈ పద్యం చెప్పాను. ‘ఆడంబరముగాను: గొప్పలు చెప్పుకుంటూ’ అని నల్లబల్ల మీద రాసేవాణ్ణి, పిల్లలు దించుకునేవారు. ఒక పిల్లవాడు లేచి “గొప్పలకూ కంచుకూ సంబంధం ఏమిటి సార్” అని అడిగాడు. కూర్చోమన్నాను. వాడు ఎక్కడున్నాడో గానీ, ఈరోజు కనబడితే క్షమాపణ చెబుతాను.

మాటల వాడకం సంగతికి వస్తే, తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి వ్యాసంలో “మా నాయనమ్మ పెద్దకర్మ అంగరంగ వైభవంగా జరిగినది” అని రాసింది. నవ్వలేక, తిట్టలేక ఎర్రసిరాతో సున్నా చుట్టి అక్కడే ఆగిపోయాను. తప్పని చెప్పాలంటే ఒప్పేమిటో చెప్పాలి కదా. కాకతీయుల కాలపు దానశాసనాల్లో ‘అంగరంగభోగాలకు’ అని భూములు రాసి ఇవ్వడం కనబడుతుంది. అంగభోగం అంటే స్వామి శరీరానికి జరిపేవి: అభిషేకం, గంధం, పువ్వులు. రంగభోగం అంటే రంగమండపంలో జరిగేవి: ఆట, పాట, వాద్యం. ఆ రెండూ కలిసి దేవుడి సొత్తు. మనుషుల పెళ్ళిళ్ళకు ఈ మాట వాడడం కూడా అప్పు తెచ్చుకున్నదే.

వేపచెట్టు_నీడ
పెళ్ళిళ్ళలో మాట ఒక్కటేనా అప్పు తెచ్చుకునేది.

కాకినాడ_కోడలు
వేదాల దాకా వెళ్ళారు, సంతోషం. నా వదిన ఇంకా ఫోను ఎత్తలేదని గుర్తుచేస్తున్నాను.

కొచ్చి_వాసి
మీ వదినగారు కేరళలో పుట్టి ఉంటే ఈ గొడవే లేదు. ఇక్కడ ఖరీదైన కారును పత్రికలో ‘ఆడంబర కార్’ అనే రాస్తారు. ఆడంబర పన్ను అన్న మాట కూడా వాడారు. అందులో వెక్కిరింపు ఏమీ లేదు, మనం విలాసవంతం అన్నట్లే. వచ్చిన కొత్తలో ఇళ్ళ ప్రకటనల్లో ఆ మాట చూసి, అమ్ముకునేవాడే తన సరుకును తిట్టుకుంటున్నాడేమిటా అని తికమకపడ్డాను.

ఖరగ్‌పూర్_రైలు
మా తాతగారి కాలం నుంచి బెంగాల్లో ఉంటున్నాం. ఇక్కడ పండుగలు ‘సాడంబరే’ జరుగుతాయి. స + ఆడంబరం. అది శుభ్రమైన మెచ్చుకోలు. హిందీలోనేమో ఆడంబర్ అంటే పూర్తిగా తిట్టు, ఆచారాల బూటకం అన్న అర్థంలో వాడతారు. కబీరు గురించి పాఠం ఉంటే బాహ్య ఆడంబర్ అన్న మాట రాకుండా ఉండదు. ఒకే మాట, ఒక్కో స్టేషనులో ఒక్కో బోర్డు.

అమరకోశి
రైలు గారి సంగతి బాగుంది. బెంగాలీవాళ్ళు ‘స’ దాచుకున్నారు, మనం ‘నిర్’ దాచుకున్నాం. సాడంబరంగా అని తెలుగులో ఎవరూ రాయరు. నిరాడంబరుడు ఉన్నాడు గానీ ‘ఆడంబరుడు’ లేడు. ఆ మనిషిని డాంబికుడు అంటాం, అది దంభం నుంచి వచ్చింది. గీత పదహారో అధ్యాయంలో ఆసుర లక్షణాల జాబితా మొదలయ్యేదే దంభంతో. కాబట్టి పసుపు గారి ‘తిట్టే’ అన్న తీర్పు డాంబికానికి పూర్తిగా చెల్లుతుంది, ఆడంబరానికి సగమే చెల్లుతుంది.

నిజామాబాద్_పసుపు
సగం తిట్టు తిన్నవాళ్ళను అడిగితే అది సగమో మొత్తమో చెబుతారు.

షామియానా
నాది పెళ్ళి మండపాల అలంకరణ పని. దుకాణం పెట్టినప్పుడు పేరు కోసం వెతుకుతూ ‘ఆడంబరం’ అని పెడదామనుకున్నాను. పలకడానికి బాగుంది, నిండుగా ఉంది. బోర్డు రాసే ఆయన కుంచె పట్టుకుని చాలాసేపు నిలబడి, “బాబూ, ఖర్చు ఎక్కువవుతుందని నువ్వే ముందుగా చెబుతున్నట్లుంది” అన్నాడు. మానుకున్నాను. ఇప్పుడు పేరులో ‘కళ’ ఉంది. ఖర్చు మాత్రం అంతే.

ఒక మాట చెప్పనా? వచ్చేవాళ్ళందరూ మొదట “ఆడంబరం వద్దండీ, సింపుల్‌గా చాలు” అనే అంటారు. తర్వాత ఫోనులో ఎవరిదో పెళ్ళి ఫొటో తీసి చూపిస్తారు. “ఇలా సింపుల్‌గా” అని. అందులో ఏనుగు ఉంటుంది.

వేపచెట్టు_నీడ
ఏనుగు గర్జన అని అమరకోశం కూడా అంది కదా. శాస్త్రప్రకారమే అడుగుతున్నారు.

తెల్లకాగితం
పటాటోపం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇది చెవి మాట కాదు, కచ్చితంగా కంటి మాట. పటం అంటే బట్ట. పట్టుబట్టలు కట్టుకుని చేసే హడావుడి, పట + ఆటోపం. పెళ్ళికి సరిగ్గా సరిపోయే మాట.

అమరకోశి
కంటి మాటే, ఒప్పుకున్నాను. బట్ట మాత్రం కాదు. అసలు రూపం ఫటాటోపం. ఫట అంటే పాము పడగ, ఆటోపం అంటే ఉబ్బడం. పంచతంత్రంలో శ్లోకం ఉంది: “విషమస్తు న చాప్యస్తు ఫటాటోపో భయంకరః”. విషం ఉందో లేదో తర్వాతి సంగతి, పడగ విప్పితే చాలు జనం జడుసుకుంటారు.

తెల్లకాగితం
‘ఫ’ అంత తేలిగ్గా ‘ప’ అయిపోతుందా? మీకు అనుకూలంగా ఒత్తులు తీసేస్తే ఏదైనా ఏదైనా అవుతుంది.

బలపం_మాస్టారు
ఫలాహారం మన నోట్లో పలారం కాలేదా కాగితం గారూ? ఏకాదశి నాడు మీరు ఏమంటారు?

తెల్లకాగితం
టిఫిన్ అంటాను. సరే, పడగే కానివ్వండి. అయినా పట్టుచీరల పెళ్ళిలో నాకు బట్టే గుర్తొస్తుంది.

కషాయం
ఆయుర్వేదం చదివినవాణ్ణి, నన్నూ ఒక మాట అననివ్వండి. మా పుస్తకాల్లో ఆటోపం అంటే కడుపు ఉబ్బి గుడగుడలాడడం. భేషజం అంటే మందు. ఆటోపానికి భేషజం ఇవ్వడం మా వృత్తి. అదే వాక్యం మామూలు తెలుగువాళ్ళకు చెబితే, గొప్పలకు పోయేవాడికి ఇంకో నాలుగు గొప్పలు ఇచ్చినట్లు వినబడుతుంది. “భేషజాలకు పోకండి” అని ఎవరైనా అంటే నాకు మందులు మానేయమన్నట్లే ఉంటుంది.

డోలు_వారసుడు
మొదటి నుంచీ చదువుతున్నాను. మీరందరూ కలిసి డోలును ఖాళీ డబ్బా కింద జమకట్టేస్తున్నారు, అది నాకు మింగుడుపడడం లేదు. మా తాత, మా నాన్న ఇద్దరూ మేళంలో డోలు వాయించారు. నేను ఉద్యోగంలో ఉన్నాను గానీ మాఘమాసంలో చేయి ఊరుకోదు.

పెళ్ళిలో మాంగల్యధారణ వేళ పురోహితుడు చేయి ఊపగానే గట్టిమేళం అందుకుంటాం. సన్నాయి రాగం ఆపేసి ఊపిరి బిగబట్టి ఊదుతుంది, డోలు ఆగకుండా మోగుతుంది. ఎందుకు? ఆ క్షణంలో ఎవరో తుమ్మినా, ఎవరైనా పాడుమాట అన్నా వధూవరుల చెవిన పడకూడదని. అది గొప్ప చూపించుకోవడానికి చేసే చప్పుడు కాదు, మిగతా చప్పుళ్ళను కప్పే చప్పుడు. ఆడంబరం అసలు డోలే అయితే, దాని పని ఇది.

‘సొంత డప్పు కొట్టుకోవడం’ అంటారు. అందులో తప్పు ‘సొంత’లో ఉంది, డప్పులో లేదు. డప్పు కొట్టేవాడు ఊరి కబురు ఊరికి చెప్పాడు. మా ఇంట్లో అయితే మూడు తరాలుగా వాయించింది అంతా పరాయి పెళ్ళిళ్ళలోనే. మా నాన్న పెళ్ళిలో మేళం లేదు. మేళం వాళ్ళందరూ పెళ్ళివాళ్ళే అయ్యారు, వాయించడానికి ఎవరూ మిగలలేదు.

అమరకోశి
వారసుడు గారూ, మాట దిద్దుకుంటున్నాను. చప్పుడు అన్నాను గానీ ఎవరి కోసం చప్పుడు అని అడగలేదు.

మామిడితాండ్ర
అయినా వేమన కంచును కూడా తిట్టలేదేమో. బంగారంలా మోగడం లేదని దాన్ని తిట్టేవాళ్ళు గుడిగంట దేంతో చేయిస్తారు?

నిజామాబాద్_పసుపు
తాండ్ర గారూ, వేమన అన్నది అల్పుణ్ణి. మీ జాలితో పద్యం తిరగబడుతోంది.

పాత_డెస్కు
మోత అంటే గుర్తొచ్చింది. “ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత”. మొదటి మోత వినబడేది, రెండోది భుజాన పెట్టుకుని మోసేది. ఇంత పొదుపుగా శీర్షిక పెట్టగల ఉపసంపాదకుణ్ణి నా సర్వీసులో చూడలేదు. దాని ముందు “మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె” కూడా కొంచెం పొడవే.

ఈ సామెతలన్నిటిలో ఒక సంగతి గమనించండి. ఎక్కువ ఖర్చుపెట్టినవాణ్ణి ఏ సామెతా తిట్టదు. లేకుండా పెట్టినవాణ్ణే తిడుతుంది. జమీందారు పల్లకీ ఎక్కితే సామెత పుట్టలేదు. కాకినాడ గారి మాటలో ఉన్న ముల్లు నాకు అక్కడే కనబడుతోంది. వైభవం అంటే ఉన్నది కనబడడం. ఆడంబరం అంటే ఉన్నదానికన్నా ఎక్కువ కనబడడం. విన్నవాళ్ళకు ఆ ‘ఎక్కువ’ తగులుతుంది.

షామియానా
డెస్కు గారి మాట నిజం. ఉన్నవాళ్ళను “ఆడంబరంగా చేశారు” అంటే నవ్వుతారు. అప్పు చేసినవాళ్ళు ఉలిక్కిపడతారు. మాకు బాకీ వసూలు దగ్గర తెలుస్తుంది ఎవరు ఎవరో.

మామిడితాండ్ర
డబ్బు సంగతి కాదేమో. మా పక్కింటివాళ్ళకు బోలెడంత ఉంది, ఆ మాట అంటే వాళ్ళకూ ముఖం మాడుతుంది. డబ్బు ఉండీ నిరాడంబరులు అనిపించుకోవాలని వాళ్ళ కోరిక. రెండూ కావాలి.

కాకినాడ_కోడలు
నిన్న సాయంత్రం నేనే వెళ్ళాను. ఫోనులో కాదనిపించింది. వదిన కాఫీ ఇచ్చింది, కబుర్లు చెప్పింది, గ్రూపు మాట ఎత్తలేదు. నేనే “తెలియక రాశాను వదినా, మెచ్చుకోలు అనుకున్నాను” అన్నాను. అప్పుడు వంటింటి తలుపు దగ్గరగా వేసి, “ఆ సంగతి నీకెవరు చెప్పారు?” అని అడిగింది. ఏ సంగతి అన్నాను. నా ముఖం చూసి, నాకు నిజంగా ఏమీ తెలియదని అర్థమైంది ఆవిడకు. తర్వాత చెప్పింది. ఇక్కడ రాయను. షామియానా గారు ఉలిక్కిపడడం గురించి రాసిన వాక్యం మాత్రం నేను తిరిగి వచ్చాక చదివాను, ముందే చదివి ఉంటే వెళ్ళే ధైర్యం చేసేదాన్ని కాదేమో.

ఆ ఫొటోల కింది మాట తీసేయనా అని అడిగాను. వద్దంది. తీసేస్తే ఎందుకు తీశావని నలుగురూ అడుగుతారట. అందుకని దాని కింద ఇంకో వాక్యం చేర్చాను: “భోజనాలు ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాం.”

నిజామాబాద్_పసుపు
నేను మొదటి మాటగా ‘తిట్టే’ అని కొట్టిపారేశాను. మాట గురించి అన్నదానికి కట్టుబడే ఉన్నాను. మీరు తిట్టారని మాత్రం నా ఉద్దేశం కాదు కాకినాడ గారూ.

కాకినాడ_కోడలు
తెలుసు పసుపు గారూ.

వేపచెట్టు_నీడ
అన్నీ అయ్యాయి గానీ భోజనాల్లో ఏం పెట్టారో ఎవరూ అడగలేదు.

కాకినాడ_కోడలు
గుత్తివంకాయ, ఆవపెట్టిన పనసపొట్టు కూర, ముక్కల పులుసు, గారెలు, పెరుగు. కాజా సంగతి వేరే చెప్పాలా, నా పేరులో ఊరు చూశారు కదా.

తెల్లకాగితం
పలారం ఏమిటో కూడా చెప్పండి.